మూడు సూదులు, ఐదు సూదులు

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. అక్షరాలు రాక రాయలేదు. పిల్లల పెళ్లిళ్లయి చేతికి కాస్త తీరిక చిక్కాక, ఎల్బీనగర్‌లో మా వీధి చివరి మేడ మీద ఆడవాళ్లకు సాయంత్రం పూట చదువు చెబుతున్నారని తెలిసి మా కోడలు నన్ను తరిమింది. "సీరియల్ రేపు గూడ ఒస్తది అత్తమ్మా, నువ్వు పో" అంది. పోయాను. అ ఆలు దిద్దాను. గుణింతాలు వచ్చాయి. మెట్రో స్టేషన్ల పేర్లు చదివాను, పెళ్లిపత్రికలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. అయినా ఇది రాయలేదు. అప్పుడు అడ్డం పడింది అక్షరాలు కాదు, సిగ్గు.

మాకు చదువు చెప్పే మేడమ్ దసరా సెలవుల్లో ఇంటివాళ్లతో కలిసి ఉత్తరాన మంచుకొండలు చూడటానికి వెళ్లివచ్చింది. వస్తూ మా అందరికీ తలా ఒక ఆపిల్ తెచ్చింది. దాంతో పాటు ఒక పాత పేపర్లో చుట్టి ఏదో ఎండిన గుత్తి తెచ్చింది. విప్పి, "ఇదేంటో ఎవరైనా చెప్పగలరా?" అని చేతి నుంచి చేతికి పంపింది.

నా పక్కన కూర్చునేది గుడి ముందు పూలమ్మే ఆమె. "గిదేంది మేడమ్, చీపురు పుల్లలా? గంత దూరం పోయి గివా తెచ్చేటివి?" అంది. అందరూ నవ్వారు. గుత్తి నా చేతికి వచ్చింది. నేను చూడను కూడా లేదు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే ఒక ఆకు సూదులను విడదీసి లెక్కపెట్టాయి. ఐదు. సన్నగా, మెత్తగా, మొదట్లో కాగితం టోపీ లాంటిది లేకుండా. పాత వాసన ఒకటి ముక్కుకు తగిలింది.

"మీకు తెలుసా అమ్మా? అలా లెక్కపెడుతున్నారు" అంది మేడమ్.

"తెల్వదు మేడమ్" అన్నాను.

తెలుసు. బడి ఈడు పిల్లగా ఉన్నప్పుడు నాకు ఈ లోకంలో బాగా తెలిసింది అదొక్కటే.

*

మా అమ్మ నల్గొండ దిక్కు పల్లె నుంచి నన్ను చంకనేసుకుని పట్నం వచ్చింది. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. కొత్తపేటలో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని, పక్కనే ఉన్న పండ్ల మార్కెట్లో పనికి కుదిరింది. ఆ మార్కెట్ ఇప్పుడక్కడ లేదు. ఊరి బయటికి, పెద్ద అంబర్‌పేట్ కూడా దాటించి పంపేశారు. అది ఉన్న చోట దవాఖాన కడుతున్నారు. నేను మెట్రోలో పోయినప్పుడల్లా అటువైపు కిటికీ దగ్గర నిలబడతాను. సిమెంటు స్తంభాలు కనిపిస్తాయి. కానీ నా ముక్కుకు మాత్రం మాగిన మామిడి, కుళ్లిన బత్తాయి, తడిసిన గోనెసంచి, లారీల డీజిలు, వీటన్నిటి మీదుగా ఘాటుగా ఒక బంక వాసన, అదే వస్తుంది.

బంక వాసన ఆపిల్ పెట్టెలది. ఆపిల్ అప్పట్లో అట్టపెట్టెల్లో వచ్చేది కాదు, చెక్కపెట్టెల్లో వచ్చేది. దుకాణాల వాళ్లు పెట్టె పగలగొట్టి, పండ్లు బుట్టల్లోకి మార్చుకుని, ఖాళీ పెట్టెలు వెనక్కి విసిరేసేవాళ్లు. మా అమ్మ పని ఆ ఖాళీ పెట్టెల మధ్య. ఒక పటకారుతో మేకులు పీకి, వంకర మేకులు రాయి మీద సాపు చేసి, చెక్కలు విడదీసి కట్టలు కట్టాలి. మేకులు సాపు చేయడం నా పని. నా ఎడమచేతి వేళ్లు ఇప్పటికీ కొంచెం చదునుగా ఉంటాయి.

చెక్కల్లో రెండు రకాలు ఉండేవి. పైపైన చూస్తే రెండూ ఒకటే, తెల్లగా, తేలిగ్గా. వడ్రంగులు మాత్రం ఒకదాన్ని చీడ్ అనేవాళ్లు, ఇంకొకదాన్ని కైల్ అనేవాళ్లు. చీడ్‌కు ఎర్రటి చారలు, ముట్టుకుంటే జిగట. ఎండలో పెడితే కణుపుల దగ్గర తేనెలాగా బంక కారేది. పొయ్యిలో పెడితే గుప్పున అంటుకుని నల్లటి మసి కక్కేది. కైల్ గులాబీ రంగు కలిసిన తెలుపు, మెత్తన. గీరితే గోరు దిగేది. వాసన కూడా సాధువే. వడ్రంగులు కైల్ కోసం ఎగబడేవాళ్లు. చీడ్ పొయ్యిలకు పోయేది. రెండూ కలిపి కట్టామంటే మా కట్ట ఎవరూ ముట్టరు. అందుకే అమ్మ నాకు చెక్కను ముక్కు దగ్గర పెట్టుకోవడం నేర్పింది, పాలు విరిగాయో లేదో చూసినట్టు.

చెక్కలకంటే నాకు ఇష్టమైనవి పెట్టె లోపలి ఆకులు. పండ్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గోధుమరంగు సూదుల్లాంటి ఎండుటాకులు దట్టించి వచ్చేవి. అవి ఒక్కొక్కటిగా ఉండవు. కొన్ని పెట్టెల్లో మూడేసి సూదులు ఒక మొదలుకు పుట్టి ఉండేవి, జానెడు కంటే పొడవు, గరుకు, మొదట్లో కాగితం లాంటి చిన్న టోపీ. ఎంత నలిపినా టోపీ ఊడదు, మూడూ విడిపోవు. ఇంకొన్ని పెట్టెల్లో ఐదేసి, పొట్టివి, సన్నటివి. వాటికి టోపీ ఉండదు. ఊరికే తాకితే అల్లరిపిల్లల్లాగా తలోదిక్కు పోయేవి.

అవి ఏ ఆకులని ఎవరినైనా అడగాలని మాకు తోచలేదు. ఎందుకు తోస్తుంది? మార్కెట్‌కు ఏ పండైనా తన ఆకులోనే వస్తుంది. అరటిగెలల మీద అరటాకులే కప్పుతారు. సీతాఫలాల గంపలో అడుగునా పైనా సీతాఫలం ఆకులే. నేరేడుపండ్లు నేరేడాకుల్లో. బత్తాయి తొడిమతో, రెండాకులతో వస్తుంది. మామిడి ఒక్కటే వరిగడ్డిలో వచ్చేది, అది మాగబెట్టడానికి. కనుక ఆపిల్ కూడా తన ఆకులోనే వస్తున్నది. మా అమ్మకు అందులో అనుమానం లేదు. పెట్టెలు తెచ్చిన సర్దార్జీ డ్రైవర్‌ను ఒకసారి తన వచ్చీరాని ఉర్దూలో అడిగింది కూడా, "యే సేబ్ కా పత్తా హై నా?" అని, ఇది ఆపిల్ ఆకే గదా అని. ఆయన రాత్రంతా బండి నడిపి వచ్చాడు, లారీ కింద పరుపు పరుచుకుంటున్నాడు. "హా హా, సేబ్ కా, సేబ్ కా" అని చేయి ఊపి అటు తిరిగి పడుకున్నాడు.

అంతటితో ఆగితే మా అమ్మ మా అమ్మ కాదు. శ్రావణమాసంలో మొదట వచ్చే పెట్టెల్లో ఎక్కువగా మూడు సూదులే ఉంటాయని, దీపావళి దగ్గర పడ్డాక వచ్చే వాటిలో ఐదు సూదులు ఉంటాయని ఆమె కనిపెట్టింది. "చూడు బిడ్డా, ఆపిల్ చెట్లు రెండు జాతులు. మూడు సూదులది ముందుగాల కాస్తది. ఐదు సూదులది ఎనకసీరి కాస్తది, గందుకే తియ్యగుంటది. మన కందుల్ల గూడ రెండు తీర్లు ఉండవా, గట్లనే" అంది. ఆమె చూసింది ప్రతిదీ నిజమే. ఇప్పుడు తలుచుకుంటే అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

*

ఆ ఆకులతో నేను చేయని పని లేదు. బొమ్మలకు జడలు అల్లాను. వాటితోనే వేపాకులు గుచ్చి బొమ్మలకు విస్తర్లు కుట్టాను. దుకాణంలో లెక్కలు రాసే మున్షీ భోజనానికి లేచినప్పుడు ఆయన కూర్చునే గోనెపట్ట కింద మూడు సూదులవి మొనలు పైకి వచ్చేలా పేర్చాను. ఆయన వచ్చి కూర్చున్నాడు, కూర్చున్నంత వేగంగా లేచాడు.

"అరే! ఎవర్రా గీ ముండ్లు ఏసింది?"

మా అమ్మ తల ఎత్తకుండానే, "ముండ్లు గాదు మున్షీసాబ్, ఆపిల్ ఆకులు. సల్లగుంటదని ఏసింది పిల్ల" అంది.

"సల్లగనా? నా జిందగీ మొత్తం సల్లవడ్డది. నీ బిడ్డను బడికన్న తోలు, లేకుంటే జైలుకన్న తోలు!"

హమాలీలందరూ పడిపడి నవ్వారు. మున్షీ కూడా నవ్వాడు. వెళ్లేటప్పుడు ఒక పక్క దెబ్బతిన్న ఆపిల్ నా ఒళ్లో పడేసి పోయాడు.

మా ఇంట్లో ఆపిల్‌కు కరువు లేదు. మెత్తబడ్డవి, మచ్చపడ్డవి కోసుకుని బాగున్న ముక్క తినేవాళ్లం. మరీ పుల్లగా గట్టిగా ఉన్నవాటిని అమ్మ కందిపప్పులో వేసి, ఎండుమిర్చీ ఎల్లిపాయలూ పోపు పెట్టేది. జొన్నరొట్టెలోకి ఆపిల్ పప్పు. ఆపిల్ అంటే రోగం వస్తే తినేదని వీధిలోవాళ్లు అనుకునే కాలం. మేం దాన్ని మామిడికాయకు బదులు వాడుకున్నాం.

అమ్మమ్మ మమ్మల్ని చూడటానికి ఊరి నుంచి వచ్చినప్పుడు అమ్మ ఆమెకు ఆ ఆకులు ఒక గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. మూడువి వేరే, ఐదువి వేరే, ఎర్రదారంతో కట్టి. అమ్మమ్మ వాటిని దేవుడి గూట్లో పెట్టుకుందట. ఇంటికి వచ్చిన వాళ్లకల్లా చూపించేదట. "మా బిడ్డ పట్నంల ఆపిల్ల కాడ పనిచేస్తది. గివి ఆపిల్ ఆకులు. మీరెన్నడన్న చూసిన్రా?" ఎవరు చూస్తారు? ఊరంతా వచ్చి వాసన చూసి పోయిందట.

*

దిల్‌సుఖ్‌నగర్ వైపు అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. ఇళ్ల మధ్య ద్రాక్షతోటలు ఇంకా మిగిలి ఉండేవి, ముళ్లకంచెలోంచి చేయి దూర్చితే అందే గుత్తులతో. కట్టెలు ఇవ్వడానికి అమ్మతో ఆ దారిన పోయినప్పుడు నా గౌను జేబు ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ కొత్త ఇళ్లలో ఒకదానిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పంతులమ్మగారు ఉండేది. ఇంటి ముందు రెండు గదుల్లో చిన్నపిల్లల బడి నడిపేది. ఆమె స్నానానికి నీళ్లు కాచుకునే కాగుకు మా అమ్మే కట్టెలు పోసేది.

ఒకరోజు పంతులమ్మగారు గుమ్మంలోనే ఆపింది. "ఏంటమ్మా, మొన్న ఏం కట్టెలు వేసిపోయావు? కాగంతా నల్లబడిపోయింది. గోడలకి కూడా మసే. తోమీ తోమీ నా చేతులు పడిపోయాయి."

అమ్మ నెత్తిమీది కట్ట దించింది. నేను మధ్యలో దూరాను. "అవి చీడ్ కట్టెలు. బంకుంటది, మసి కొడ్తది. మీకు కైల్ కావాలె. కైల్ అయితే పొగ రాదు. ముక్కుకాడ పెట్టుకుంటె ఎర్కయితది" అని కట్టలోంచి రెండు చెక్కలు తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

పంతులమ్మగారు వెనక్కి తగ్గి, మళ్లీ ముందుకు వంగి, రెండూ వాసన చూసింది. "అవునే, వేరేగానే ఉన్నాయి. నీకెలా తెలుసే ఇదంతా?" అంది. తర్వాత మా అమ్మతో, "చురుకైన పిల్లమ్మా. కట్టెల వెంట తిప్పుతూ పాడుచేస్తావెందుకు? మా బడికి పంపించు. ఊరికే చెప్తాను" అంది.

గదికి వచ్చాక అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని నా తలలో పేలు చూస్తూ, "నేను సదువుకోలె. నువ్వు సదువుకుంటె నాకు బస్సు మీద ఏం రాసున్నదో సదివి చెప్తవు. ఇగ ఎవ్వర్నీ అడిగే పనుండదు నాకు" అంది. ఆమె వేళ్లు నా తలలో చాలాసేపు ఉండిపోయాయి, పేలు అయిపోయిన తర్వాత కూడా.

పలక కొన్నది. రెండు ఎర్ర రిబ్బన్లు కొన్నది. నేను బడికి పోయాను. మొదట్లో పిల్లలు నా దగ్గర ఏదో వాసన వస్తున్నదని జరిగి కూర్చునేవాళ్లు. బంక వాసన, ఎంత తోమినా పోదు. అయినా నాకు బడి బాగుండేది. మధ్యాహ్నం పూట కట్టెలు వేయడానికి వచ్చినప్పుడు అమ్మ కిటికీలోంచి ఒకసారి తొంగిచూసి పోయేది. నేను చూడనట్టు నటించేదాన్ని, కానీ వీపు నిటారుగా పెట్టేదాన్ని.

*

దీపావళి వెళ్లాక ఒకనాడు పంతులమ్మగారు, "రేపు ఒక్కొక్కళ్లూ మీ ఇంటి దగ్గర దొరికే ఆకు ఒకటి పట్టుకురండి. ఏ చెట్టుదో మీరే చెప్పాలి" అంది.

మా రేకుల గది దగ్గర ఏ చెట్టూ లేదు. సాయంత్రం అమ్మకు ఆ మాట చెబితే ఆమె మొహం వెలిగిపోయింది. "పిచ్చిదానా, మనకున్న ఆకు ఇంకెవ్వరికున్నది?" మూలనున్న సంచి ముందేసుకుని, విరగనివి, వంగనివి ఏరింది. మూడు సూదులది ఒకటి, ఐదు సూదులది ఒకటి, ఎర్రదారం కట్టింది. నాతో మళ్లీ మళ్లీ చెప్పించింది. "ముందుగాల లెక్కపెట్టి చూపియ్యి. గాయెనక టోపీ చూపియ్యి. గట్టిగ చెప్పాలె, సిగ్గుపడొద్దు."

మర్నాడు అందరూ లేచి చెప్పారు. జామాకు, మామిడాకు, మందారం. ఒక పిల్ల కరివేపాకు తెచ్చింది. నా వంతు వచ్చింది.

"నువ్వేం తెచ్చావే?"

"ఆపిల్ ఆకులు తెచ్చిన టీచర్."

నేను గట్టిగానే చెప్పాను. "గిది మూడు సూదులది. మొదట్ల టోపీ ఉంటది, ఊడదు. గిది ఐదు సూదులది, మెత్తగుంటది, టోపీ ఉండదు. మూడుది ముందుగాల కాస్తది. ఐదుది ఎనకసీరి కాస్తది." పంతులమ్మగారు దగ్గరికి వచ్చి, ఐదు సూదులదాన్ని వెలుతురుకు పట్టుకుని లెక్కపెట్టింది. "నిజమే, ఐదున్నాయే" అంది. పిల్లలు మోకాళ్ల మీద లేచి చూశారు. వాసన వస్తున్నదని జరిగి కూర్చునే పిల్ల కూడా నా వైపు జరిగింది. అంతమంది నన్ను అట్లా చూడటం అదే మొదలు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్ల నాన్నది మార్కెట్లో కమీషన్ దుకాణం. "టీచర్, అది ఆకు కాదు టీచర్. ప్యాకింగ్ గడ్డి. మా డాడీ షాపులో రోజూ ఊడ్చి పారేస్తారు."

"గడ్డి గాదు. ఆపిల్ ఆకు. మా అమ్మ చెప్పింది" అన్నాను.

పంతులమ్మగారు లోపలికి వెళ్లి ఒక లావుపాటి బొమ్మల పుస్తకం తెచ్చింది. పేజీ తెరిచి అందరికీ కనపడేలా పట్టుకుంది. చెట్టు నిండా ఎర్రటి ఆపిల్ పండ్లు, వాటి మధ్య వెడల్పాటి ఆకులు. ఇంచుమించు జామాకులాగా. "ఓసి పిచ్చిపిల్లా, ఇదీ ఆపిల్ ఆకు" అని నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. ముద్దుగానే నవ్వింది. కానీ ఆమె నవ్వగానే గదంతా నవ్వడానికి అనుమతి దొరికింది. "సూదుల ఆపిల్! సూదుల ఆపిల్!" అని ఎవరో మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ నెత్తిమీద కట్టెల మోపుతో గేటు తీసుకుని లోపలికి వచ్చింది. నవ్వులు విని కిటికీ దగ్గర ఆగింది. నేను చెప్పింది విని పిల్లలు సంబరపడుతున్నారని అనుకుందో ఏమో, ఆమె కూడా నవ్వుమొహంతోనే ఉంది.

"రామ్మా, నీ గురించే మాట్లాడుకుంటున్నాం" అంది పంతులమ్మగారు. "ఇవి ఆపిల్ ఆకులని చెప్పావటగా పిల్లకి?"

అమ్మ మోపు దించి, కొంగుతో చెమట తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఔ పంతులమ్మా. ఆపిల్ ఆకులే. ఇన్నేండ్ల సంది పెట్టెలిప్పుతున్న, నాకు తెల్వదా?"

పంతులమ్మగారు పుస్తకం ఆమె ముందుకు జరిపింది. అమ్మ చేతులు చీరకు రుద్దుకుని, పుస్తకం ముట్టకుండా, వంగి బొమ్మను చూసింది. చాలాసేపు చూసింది.

"బొమ్మేసినోళ్లు చెట్టు చూసిన్రో లేదో" అంది.

పిల్లలు మళ్లీ గొల్లుమన్నారు. పంతులమ్మగారు వాళ్లను కసిరి, గొంతు తగ్గించి చెప్పింది. "కాదమ్మా. ఇవి పైన్ చెట్ల ఆకులు. అవీ ఆ కొండల్లోనే పెరుగుతాయి. పండ్లు నలగకుండా మధ్యలో వేస్తారు, అంతే. ఆపిల్‌కి వీటికి సంబంధమే లేదు."

అమ్మ మొహంలో ఆ మాట దిగడం నేను చూశాను. మొదట కళ్లు నా చేతిలో ఉన్న ఎర్రదారం మీదికి వచ్చాయి. తర్వాత కింద నేలకు పోయాయి. ఆమె మనసులో ఏం నడిచిందో నాకు ఇప్పుడు తెలుసు. సర్దార్జీ, మున్షీ, హమాలీలు, అమ్మమ్మ దేవుడి గూడు, ఊరంతా వచ్చి వాసన చూసి పోవడం, అన్నీ వరసగా వచ్చి ఉంటాయి. తర్వాత ఆమె ఒక పని చేసింది. పిల్లల వైపు తిరిగి, వాళ్లతో పాటు నవ్వింది. "ఔనా! నేనొక పిచ్చిదాన్ని. గడ్డిని పట్టుకొని ఆకు ఆకు అని మొత్తుకుంటున్న" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లల కంటే గట్టిగా నవ్వింది.

వాళ్లు నవ్వితే నాకు ఏడుపు వచ్చింది. ఆమె నవ్వితే నేల చీలితే బాగుండుననిపించింది. పలక మీద ఉన్న అక్షరాన్ని ఉమ్ముతో తుడుస్తూ కూర్చున్నాను. తుడిచిందే తుడిచాను.

సాయంత్రం ఇంటికి పోతూ, ద్రాక్షతోట దగ్గర అమ్మ ఒక్క మాట అంది. "అమ్మమ్మకు చెప్పకు."

నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. అమ్మమ్మ చనిపోయాక ఊళ్లో దేవుడి గూడు సర్దుతుంటే ఆ మూట కనిపించింది. ఎర్రదారం తెల్లబడింది. సూదులు పొడిపొడిగా రాలాయి. అమ్మ ఆ పొడిని ఊడ్చి, చెత్తలో వేయకుండా తులసికోట మొదట్లో పోసింది.

*

చెక్కపెట్టెలు పోయి అట్టపెట్టెలు వచ్చాయి. ఆకుల చోట కాగితం ముక్కలు వచ్చాయి. అమ్మ సైదాబాద్‌లో ఇళ్లలో పనికి కుదిరింది. నేను కూడా అదే పనికి పోయాను, పెళ్లయి ఎల్బీనగర్ వచ్చాను. బస్సు మీద ఏం రాసి ఉందో అమ్మ చివరి దాకా పక్కవాళ్లనే అడిగింది. నేను పక్కన ఉన్నా నన్ను అడగలేదు, నాకూ రాదు గదా. "ఏ బస్సు బిడ్డా ఇది?" అని ఎవరో కాలేజీ పిల్లను అడిగేది. నేను వేరే దిక్కు చూసేదాన్ని.

ఒక్కసారి, చాలా ఏళ్ల తర్వాత, పక్కింటి టీవీలో ఏదో పాట వస్తున్నది. మంచుకొండలు, వాటి మీద నిటారుగా, నల్లగా, కొమ్మల నిండా సూదుల గుత్తులతో చెట్లు. బియ్యం ఏరుతున్న అమ్మ చేయి చేటలో ఆగిపోయింది. చెట్టును చూడటం మా ఇద్దరికీ అదే మొదటిసారి.

"అగో, మన చెట్టు" అంది మెల్లగా.

ఎవరికీ వినపడలేదని చూసుకుని, మళ్లీ బియ్యం ఏరుకున్నది. ఆమె ఇప్పుడు లేదు.

మొన్న మేడమ్ తెచ్చిన గుత్తిలోంచి ఒక ఆకును కొంగున ముడేసుకుని తెచ్చుకున్నాను. ఇది రాస్తున్న కాగితం పక్కనే ఉంది. ఈ వయసులో, ఒక మేడ మీద, చదువు రాని ఆడవాళ్ల మధ్య, "తెల్వదు మేడమ్" అని ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. తెలుసంటే ఎట్లా తెలుసని అడుగుతారు. ఎట్లా తెలుసో చెప్పాలంటే మా అమ్మను మళ్లీ ఆ గుమ్మంలో నిలబెట్టాలి. మాట్లాడితే నవ్వు వినపడుతుంది. కాగితం మీద వినపడదని, ఇట్లా రాసుకుంటున్నాను.

బడిలో అట్లా జరిగిన మర్నాడు పొద్దున అమ్మ ఎప్పటిలాగే నా తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. పలక సంచిలో పెట్టి భుజానికి తగిలించింది. ఒకచేత్తో పటకారు, ఒకచేత్తో నా చేయి పట్టుకుని బయలుదేరింది. పెద్ద రోడ్డు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి బడికి, ఒకటి మార్కెట్‌కు. అక్కడ నేను ఆగిపోయాను. అమ్మ కూడా ఆగింది. విజయవాడ బస్సు ఒకటి పోయింది, దుమ్ము లేచింది, తగ్గింది.

"పోతవా?" అంది.

ఆమె చేతిలోని పటకారు తీసుకున్నాను. ఆమె చేయి కాసేపు పటకారును వదల్లేదు, తర్వాత వదిలింది.

మార్కెట్లో అప్పుడే లారీ దిగింది. పెట్టెలు మా ముందు కుప్ప పోశారు. నేను మేకులు పీకాను, అమ్మ మూతలు తీసింది. లోపలి ఆకులు, అలవాటు కొద్దీ, చేతిలోకి తీసుకుంది. నేనూ తీసుకున్నాను.

"మూడు" అంది.

"ఐదు" అన్నాను.

మూడువి ఒకదిక్కు, ఐదువి ఒకదిక్కు వేసుకుంటూ పొద్దెక్కేదాకా కూర్చున్నాం. అవి ఏ చెట్టువో మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు.